తొమ్మిది, పది, పదకొండేళ్ల పిల్లలు ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు నిజంగా ఏం చేస్తున్నారు?

నీలిగొడుగు
అందరికీ నమస్కారం. మా బాబుకి పదేళ్లు నిండాయి. బడి నుంచి వచ్చి హోంవర్క్ ముగించాక కూడా ఇంకా బోలెడంత సాయంత్రం మిగిలి ఉంటుంది. ఇక అప్పుడు మొదలవుతుంది, "అమ్మా బోర్ కొడుతోంది, ఏం చెయ్యను?" అని. నేను ఏది చెప్పినా అది వద్దంటాడు. బొమ్మ కార్లు, బ్లాకులు అట్టపెట్టెలోకి వెళ్లిపోయాయి, అవి చిన్నపిల్లలవట. పోనీ పెద్దవాడయ్యాడా అంటే అదీ కాదు, ఒక్కడే బయటికి వెళ్లి రాలేడు. ట్యాబ్ చేతికిస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, ఇవ్వకపోతే నా వెనకాలే తిరుగుతుంటాడు. మేమిద్దరం ఉద్యోగాలు చేస్తాం, ఇల్లు చిన్నది, వాడొక్కడే సంతానం. పిల్లలతో ఎక్కువసేపు గడపండి అనే సలహా చాలాచోట్ల చదివాను, దయచేసి మళ్లీ అదే చెప్పకండి. ఎలా ఉండాలో కాదు, మీ ఇంట్లో ఎలా జరుగుతోందో చెప్పండి.

రెండుజడలు
మా పాపకి తొమ్మిది. బయటివాళ్లు చూస్తే ఏమీ చెయ్యట్లేదనే అనుకుంటారు. నేల మీద బోర్లా పడుకుని కాయితాలు కత్తిరిస్తూ ఉంటుంది, తనలో తను మాట్లాడుకుంటుంది, లేచి ఇల్లంతా ఒకసారి తిరిగి మళ్లీ వచ్చి పడుకుంటుంది. ఈమధ్య బొమ్మలకి ఆసుపత్రి పెట్టింది. ఆడుకోవడం తక్కువ, కాగితాల పని ఎక్కువ! ఒక్కో బొమ్మకి ఒక ఫైలు, అందులో వయసు, బరువు, ఏ రోజు ఏం జబ్బు చేసింది, ఏ మందు రాశారు, మళ్లీ ఎప్పుడు రావాలి, అన్నీ గీతలు కొట్టి పట్టికలుగా రాస్తుంది. బరువు కోసం ఇంట్లో ఉన్న త్రాసు పట్టుకెళ్లింది. ఇదంతా నేను చెప్పింది కాదు. నేను చేసిందల్లా ఒక అరలో పాత కాగితాలు, కత్తెర, టేపు, స్టేప్లర్, దారాలు పెట్టి, "ఇవి నీవి, నన్ను అడక్కుండా తీసుకోవచ్చు" అని చెప్పడమే. అడిగి తీసుకోవలసిన వస్తువుతో పిల్లలు పెద్దగా ఆడరు అని నాకు అర్థమైంది. అడిగేలోపే ఆ ఊహ చల్లారిపోతుంది.

బడిపంతులమ్మ
నేను చాలాకాలంగా నాలుగు, ఐదు తరగతులకి చెబుతున్నాను. నీలిగొడుగు గారూ, మీ అబ్బాయి బొమ్మ కార్లు వద్దనడం మంచి సూచనే. పియాజే అనే మనస్తత్వవేత్త సుమారు ఏడు నుంచి పదకొండేళ్ల వరకూ ఒక దశగా చెప్పాడు. ఆ దశలో పిల్లలకి వస్తువుల్ని వర్గాలుగా విడదీయడం, వరసలో పెట్టడం, నియమాలు తయారుచేయడం, వాటి మీద గంటలకొద్దీ వాదించుకోవడం మహా ఇష్టం. అందుకే ఈ వయసులో రాళ్లు, స్టాంపులు, సీసా మూతలు, ఏవో ఒకటి పోగుచేస్తుంటారు. రహస్య లిపులు కనిపెడతారు. ఒక సంఘం పెడతారు, సభ్యులు ఇద్దరే ఉన్నా నిబంధనలు ఇరవై రాస్తారు. పైన చెప్పిన పాప ఆసుపత్రి ఫైళ్లు కూడా అదే.

ఇంకొక సంగతి. ఈ వయసు పిల్లలకి నిజమైన పని కావాలి. ఆట స్టెతస్కోపు కన్నా నిజమైన త్రాసు, ప్లాస్టిక్ సుత్తి కన్నా చిన్నదైనా నిజమైన సుత్తి. ఎరిక్సన్ అనే ఇంకో మనస్తత్వవేత్త ఈ వయసు గురించి చెప్పిందీ ఇదే, నాకు పనులు చేతనవుతాయి అనే నమ్మకం ఇప్పుడే ఏర్పడాలి, లేకపోతే నేను ఎందుకూ పనికిరాను అనే భావన ఆ చోటు తీసుకుంటుంది. ఖాళీ సమయం ఆ నమ్మకం కుదరడానికి చాలా మంచి చోటు, ఎందుకంటే అక్కడ మార్కులు వేసేవాళ్లు ఉండరు.

"బోర్ కొడుతోంది" అన్న మొదటి మాటకే జవాబు చెప్పకండి. విన్నానని తల ఊపండి చాలు. మీరు పది ఉపాయాలు చెబితే ఆ పదింటినీ కాదనడమే వాడికి ఒక ఆట అయిపోతుంది.

సాయంత్రపుగాలి
మేడమ్, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, "బోర్ కొట్టనివ్వండి" అనే మాట అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న ఇంట్లో ఒకలా పనిచేస్తుంది, ఒక్కరే ఉన్న ఇంట్లో ఇంకోలా పనిచేస్తుంది. మా అమ్మాయికి పదకొండు, ఒక్కతే. వదిలేస్తే కొంతసేపు తిరిగి, ఆ తర్వాత ఏదో సృష్టించడం కాదు, ఏడుపు, లేదా గొడవ. తనకి ఆ సమయంలో కావలసింది ఉపాయం కాదు, మనిషి. అందుకని నేను ఇంటికి రాగానే మొదట కాసేపు తనతోనే కూర్చుంటాను, ఫోన్ పక్కగదిలో పెట్టేస్తాను, ఆ తర్వాత తనే లేచి వెళ్లిపోతుంది. మొదట నా పనులు చూసుకుని తర్వాత వస్తానంటే మాత్రం ఆ సాయంత్రమంతా ఇద్దరికీ నలుగుడే.

రెండోది, అందరూ స్క్రీన్ అంటే ఒకే వస్తువు అన్నట్టు మాట్లాడతారు. మా అమ్మాయి స్క్రాచ్ అనే ప్రోగ్రామింగ్ సాధనంలో సొంతంగా ఆటలు తయారుచేస్తుంది. అది అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయం మీడియా ల్యాబ్ వాళ్లు 2007లో విడుదల చేసింది, ముఖ్యంగా 8 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసమే చేశారు, ఉచితం. కోడ్ రాయనక్కర్లేదు, రంగు రంగు ముక్కల్ని ఒకదాని కింద ఒకటి అతికిస్తే చాలు. తన ఆటలోని పిల్లి గోడకి తగిలితే వెనక్కి తిరగాలి అనుకుంటుంది, తిరగదు, ఎందుకు తిరగలేదో కనిపెట్టేదాకా వదలదు. ఈ గంటనీ, వరసగా వచ్చిపడే వీడియోలు చూసిన గంటనీ ఒకే ఖాతాలో వెయ్యడం నాకు సరిగ్గా అనిపించదు.

నీలిగొడుగు
అదేనండీ నా బాధ. మావాడు తయారుచేసేది ఏమీ ఉండదు, ఎవరో ఆడుతున్న ఆటల వీడియోలు చూస్తాడు. తను ఆడటం కూడా కాదు, ఇంకొకరు ఆడుతుంటే చూడటం. ఒకటి అయిపోగానే ఇంకొకటి దానంతట అదే మొదలవుతుంది. ఆపమంటే "ఇది అయిపోగానే" అంటాడు, అది అయిపోవడం అంటూ ఉండదు కదా.

సాయంత్రపుగాలి
ముందు ఆ ఆటోప్లే ఆపెయ్యండి, సెట్టింగుల్లోనే ఉంటుంది. వీడియో అయిపోయి తెర ఆగిపోతే, తర్వాతది చూడాలా వద్దా అని వాడు ఒక్క క్షణమైనా ఆలోచించాల్సి వస్తుంది. ఆ క్షణంలో మీరు పక్కన ఉంటే మాట కలుస్తుంది. అలాగే "అరగంట" అని గడియారం లెక్క చెప్పేకన్నా "రెండు వీడియోలు" అనో "ఈ మ్యాచ్ వరకు" అనో చెబితే గొడవ తగ్గుతుంది. ఆట మధ్యలో ఉండగా లాక్కుంటే ఎవరికైనా కోపం వస్తుంది, పెద్దవాళ్లు చదువుతున్న పేజీ మధ్యలో పుస్తకం మూసేస్తే వాళ్లకి రాదా?

ఇంకోటి, ఎవరి వీడియోలు చూస్తున్నాడో మీరు కూడా ఒకసారి కూర్చుని చూడండి. కొన్ని బాగానే ఉంటాయి, ఆటలో ఇల్లు ఎలా కట్టారో వివరిస్తారు. కొన్నింట్లో అరుపులు తప్ప ఏమీ ఉండవు. ఏది ఏమిటో మీ అబ్బాయికి బాగా తెలుసు, అడిగితే విడమరిచి చెబుతాడు.

అద్దాలబల్ల
నేను కళ్ల ఆసుపత్రిలో చూపు పరీక్షలు చేసే పనిలో ఉన్నాను. అందుకే ఇంట్లో ఖాళీ సమయం అనగానే నాకు గుర్తొచ్చేది వేరు. ఈ వయసులోనే చాలామందికి మైనస్ పవర్, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం, మొదలవుతుంది. తల్లిదండ్రులు ఫోన్ ఒక్కదాన్నే తిడతారు కానీ, కంటికి దగ్గరగా పట్టుకుని గంటలు గంటలు చదివే పుస్తకం కూడా దగ్గరి చూపు పనే. ఇంటి లోపలే కాదు, బయట గడిపే సమయం కూడా లెక్కలోకి రావాలి. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల మీద ఒక పెద్ద ప్రయోగం చేశారు, ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. కొన్ని బడుల్లో రోజుకి 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే ఏర్పాటు చేశారు. మూడేళ్ల తర్వాత చూస్తే ఆ బడుల్లో కొత్తగా మైనస్ పవర్ వచ్చినవాళ్లు 30.4 శాతం, మిగతా బడుల్లో 39.5 శాతం. బయట ఏం చేశారన్నదానికన్నా బయటి వెలుతురులో ఉండటమే ముఖ్యమని మావాళ్లు ఎక్కువగా అంటారు. ఆ వెలుతురు గదిలోని దీపాలకన్నా ఎన్నోరెట్లు ఎక్కువ, నీడలో కూర్చున్నా సరే.

అందుకని నేను చెప్పేది ఇదే. బడి నుంచి రాగానే, పగటి వెలుతురు ఉన్నప్పుడే బయట, చీకటి పడ్డాక ఇంట్లో పనులు. చాలా ఇళ్లల్లో ఇది తిరగబడి ఉంటుంది, వెలుతురున్నంతసేపూ హోంవర్క్, తర్వాత బయటికి వెళ్లడానికి చీకటి. శరీరానికి కూడా ఇదే మంచిది, 5 నుంచి 17 ఏళ్లవాళ్లు వారం మొత్తం మీద సగటున రోజుకి 60 నిమిషాలైనా ఊపిరి వేగం పెరిగేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఉంది.

నీలిగొడుగు
ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మేము సరిగ్గా అలాగే చేస్తున్నాం, ముందు హోంవర్క్ అంటూ. థాంక్సండీ, రేపటి నుంచి వరస మారుస్తాను.

కవలలనాన్న
మాకు ఇద్దరు మగపిల్లలు, కవలలు, తొమ్మిదిన్నర. ఒక్కరే ఉన్నవాళ్లు తోడు లేదని బాధపడుతున్నారు, మా ఇంట్లో ఖాళీ సమయం అంటే ఎక్కువగా తగాదా. "వాడు మోసం చేశాడు" అనే మాట వినని సాయంత్రం లేదు. నేను ఒకప్పుడు ప్రతి తగాదాలోనూ తీర్పు చెప్పేవాణ్ని, ఇప్పుడు దెబ్బలు పడకుండా చూడటం వరకే నా పని. మిగతాది వాళ్లే తేల్చుకోవాలి. ఒక చదరంగం బోర్డు, ఒక పేకల కట్ట, పాచికలు, ఖాళీ అట్టలు, అంతే ఉంటాయి. అసలు ఆటలకన్నా వాళ్లు మార్చుకున్న ఆటలే ఎక్కువ. చదరంగంలో గుర్రం రెండుసార్లు దూకొచ్చనే నియమం పెట్టుకున్నారు, రెండు రోజులు ఆడాక అందులో ముందు ఆడేవాడే గెలుస్తున్నాడని వాళ్లే కనిపెట్టి మళ్లీ మార్చారు. ఆ వాదన పక్కగదిలోంచి వింటుంటే నాకు చాలా ముచ్చటేసింది, ఎందుకంటే తగాదా కాస్తా "మరి ఏ నియమం అయితే ఇద్దరికీ సరిపోతుంది" అనే దగ్గరికి వచ్చింది.

ఓడిపోయినప్పుడు బోర్డు ఎగరగొట్టే పిల్లలున్న ఇంట్లో ఇద్దరూ ఒక పక్షాన ఉండి ఆటని ఓడించే రకం బోర్డు ఆటలు ఉంటాయి, అవి ప్రయత్నించండి. తల్లిదండ్రులు కూడా అదే పక్షంలో ఆడొచ్చు.

మెట్లబావి
అందరూ ఖాళీగా వదిలెయ్యమంటున్నారు, నేను ఒప్పుకోను. మా పాపకి పది. సంగీతం, ఈత, రెండూ క్లాసులే. తనకి వదిలేస్తే రెండూ చేసేది కాదు. తొమ్మిదేళ్ల పిల్లకి తనకేది బాగుంటుందో ముందే ఎలా తెలుస్తుంది? వాయిద్యం చేతికి పట్టుబడాలంటే మొదటి ఏడాది విసుగ్గానే ఉంటుంది, ఆ విసుగు దాటించడం పెద్దవాళ్ల బాధ్యత. ఇప్పుడు తనే అడిగి సాధన చేస్తోంది. "స్వేచ్ఛ" అని వదిలేసి ఉంటే ఈ ఆనందం తనకి దక్కేదా?

బడిపంతులమ్మ
మీరు చెప్పింది నిజమే, కొన్ని విద్యలు తొయ్యకపోతే రావు. నేను క్లాసులు మానెయ్యమనను. కానీ క్లాసు ఖాళీ సమయం కాదు, అది ఇంకో రకం బడి. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంతసేపు చెయ్యాలో, బాగా చేశావో లేదో, మూడూ ఇంకొకరే నిర్ణయిస్తారు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం విశ్రాంతినీ, ఆటనీ పిల్లల హక్కుగా చెబుతుంది, చదువు గురించి వేరే అధికరణాలు ఉన్నాయి. రెండింటినీ విడిగా ఎందుకు రాశారో నా తరగతిలో నాకు కనిపిస్తుంది. వారమంతా క్లాసులున్న పిల్లలకి "ఈ పీరియడ్ మీ ఇష్టం" అంటే దిక్కు తోచదు, నా మొహం చూస్తారు, "ఏం చెయ్యమంటారు టీచర్" అంటారు. తెలివైన పిల్లలే, మొదలుపెట్టడం అలవాటు లేదు అంతే. మీ పాపకి రెండు క్లాసుల తర్వాత కూడా తనదంటూ కాస్త సమయం మిగులుతోందా అన్నదే చూసుకోండి.

మెట్లబావి
శని, ఆదివారాలు మిగులుతుంది. మిగతా రోజులు కష్టమే. నా అభిప్రాయం మాత్రం మారలేదు మేడమ్, కానీ వారం మధ్యలో ఒక రోజు పూర్తిగా ఖాళీ ఉంచి చూస్తాను.

రెండుజడలు
ఒక సందేహం. పాప చేత కథల పుస్తకాలు చదివించాలని ఒక చార్టు పెట్టాను, పుస్తకం పూర్తి చేస్తే ఒక స్టిక్కర్, పది స్టిక్కర్లకి ఒక బహుమతి. మొదట్లో బాగా చదివింది. ఇప్పుడు అన్నిటికన్నా సన్నగా ఉన్న పుస్తకాలే ఎంచుకుంటోంది. ఇలా అందరికీ అవుతుందా?

బడిపంతులమ్మ
చాలామందికి అవుతుంది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వవేత్తలు ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వెయ్యడం అప్పటికే ఇష్టమున్న నర్సరీ పిల్లల్ని తీసుకుని, కొంతమందికి "బొమ్మ వేస్తే బహుమతి" అని ముందే చెప్పారు, కొంతమందికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు, ఇంకొంతమందికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్లకి మామూలు ఆట సమయంలో చూస్తే, ముందే బహుమతి చెప్పిన పిల్లలు మిగతావాళ్లకన్నా బాగా తక్కువసేపు బొమ్మలు వేశారు. ఇష్టంగా చేసే పనికి కూలి కడితే అది పనిగానే మిగులుతుంది. చార్టు మెల్లగా తీసెయ్యండి, గొడవ చెయ్యకుండా, నిండాక కొత్తది పెట్టకపోతే సరి. చదివిన పుస్తకమే మళ్లీ మళ్లీ చదివినా, బొమ్మల కథలే చదివినా ఏమీ అనకండి. ఈ వయసు పిల్లలకి మీరే పైకి చదివి వినిపించినా ఇష్టంగా వింటారు, చదవడం వచ్చేసింది కదా అని చాలా ఇళ్లల్లో ఆపేస్తారు, ఆపొద్దు.

చినుకులరోజు
మా బాబు వేరేవాళ్లతో ఆన్‌లైన్‌లో కలిసి ఆడతాడు, బడి స్నేహితులే. మొన్న చూస్తే తెలియనివాళ్లు కూడా చాట్‌లో ఉన్నారు. పదేళ్లు వాడికి. మొత్తం మాన్పించెయ్యాలా?

సాయంత్రపుగాలి
మాన్పించే ముందు సెట్టింగులు చూడండి. చాలా ఆటల్లో చాట్‌ని పూర్తిగా ఆపొచ్చు, లేదా స్నేహితుల జాబితాలో ఉన్నవాళ్లకే పరిమితం చెయ్యొచ్చు. పిల్లల ఖాతాగా పెడితే కొన్ని ఆటోమేటిగ్గా ఆగిపోతాయి, అందుకని పుట్టిన సంవత్సరం అబద్ధం రాయించకండి. సోషల్ మీడియా యాప్‌లు చాలావాటికి కనీస వయసు 13, అది ఊరికే పెట్టింది కాదు. యూరప్‌లో ఆటల మీద పెగీ గుర్తు ఉంటుంది, 3, 7, 12, 16, 18 అని. ఆ అంకె కష్టం ఎంత ఉందో చెప్పదు, అందులోని దృశ్యాలు, మాటలు ఏ వయసుకి తగినవో చెబుతుంది. చాలామంది "మావాడు తెలివైనవాడు, 16ది కూడా ఆడగలడు" అనుకుంటారు, ఆడగలడా అన్నది ప్రశ్నే కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, పరికరం అందరూ తిరిగే గదిలో ఉండాలి. "ఎవరైనా పేరు, ఫొటో, ఎక్కడుంటావు అని అడిగితే నాకు చెప్పు, నిన్ను తిట్టను, ఆట ఆపను" అని ముందే మాటివ్వండి. ట్యాబ్ లాక్కుంటారని భయముంటే పిల్లలు చెప్పరు.

చినుకులరోజు
ఆట ఆపను అని మాటివ్వడం నాకు తట్టలేదు. వాడికి వ్యసనం అయిపోయిందేమో అని కూడా టెన్షన్‌గా ఉంది.

అద్దాలబల్ల
ఆ మాట తొందరగా వాడకండి అండీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ 11వ కూర్పు 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది, అందులో ఆటల రుగ్మత అని ఒకటి ఉంది. ఎక్కువసేపు ఆడటం ఒక్కటే దానికి సరిపోదు. తనని తాను ఆపుకోలేకపోవాలి, మిగతా జీవితం కన్నా ఆటే ముందుకు రావాలి, నష్టం జరుగుతున్నా మానలేకపోవాలి, అది మామూలుగా కనీసం 12 నెలలు సాగాలి, చదువూ ఇల్లూ స్నేహాలూ దెబ్బతినాలి. మీ బాబు స్నేహితులతోనే ఆడుతున్నాడు, పిలిస్తే వస్తున్నాడు అంటే ఇది అలవాట్లు సరిచేసుకునే సంగతి. నిద్ర మాత్రం గమనించండి. 6 నుంచి 12 ఏళ్లవాళ్లకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి, అది తగ్గుతుంటే ముందు పడుకునే గదిలోంచి పరికరం తీసెయ్యండి.

నీలిగొడుగు
వరస మార్చాక కొన్ని రోజులైంది, చెబుదామని వచ్చాను. రాగానే వాళ్ల నాన్నతోనో, కింద పిల్లలతోనో బయట, తర్వాత హోంవర్క్, ఆటోప్లే లేదు. అద్భుతాలేమీ జరగలేదు, "బోర్" అనే మాట ఇంకా వస్తూనే ఉంది, తల ఊపుతున్నాను. కానీ నిన్న పాడైపోయిన గోడగడియారం కనబడితే "విప్పొచ్చా" అన్నాడు. స్క్రూడ్రైవర్ ఇచ్చాను. లోపలి చిన్న చక్రాలన్నీ వరసగా కాగితం మీద పెట్టి, దేని పళ్లు ఎన్నో లెక్కపెట్టి రాసుకున్నాడు. ఇప్పుడు ఇంట్లో పాడైన వస్తువులన్నీ తనకే కావాలంటున్నాడు, పాత మైక్రోవేవ్ మీద కన్నేశాడు. ఇవ్వొచ్చా?

కవలలనాన్న
మైక్రోవేవ్ వద్దు, ఖచ్చితంగా వద్దు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలవ ఉండొచ్చు. పాత డబ్బా టీవీ, ఫ్లాష్ ఉన్న కెమెరా కూడా అంతే. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల లిథియం బ్యాటరీ గుచ్చుకుంటే మంటలొస్తాయి, అవీ వద్దు. బ్యాటరీ తీసేసిన రిమోట్, కీబోర్డు, మౌస్, చేతితో తిప్పే యంత్రాలు, తాళం కప్ప, స్ప్రింగు పెన్నులు, ఇవి హాయిగా ఇవ్వండి. గుండీ బ్యాటరీలు కనిపిస్తే మీరే తీసి దాచండి, ఇంటికి చిన్నపిల్లలు వస్తే మింగే ప్రమాదం ఉంది. ముక్కలు ఎగిరితే కంట్లో పడకుండా అద్దాలు పెట్టించండి. తాళం కప్పతో మొదలుపెట్టమనండి, మావాళ్లకి చాలా నచ్చింది.